స్ట్రెస్ గ్రాన్యూల్స్: ఒత్తిడిలో కణం కట్టే ఆర్‌ఎన్‌ఏ ముద్దలు

మనిషి కణాలను గాజు పలక మీద పెంచి, అవి ఉన్న పోషక ద్రవంలో సోడియం ఆర్సెనైట్ అనే విషాన్ని 0.5 మిల్లీమోలార్ గాఢతకు కలిపి, 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచారనుకోండి. మొదటి కొన్ని నిమిషాలు మైక్రోస్కోప్‌లో చెప్పుకోదగ్గ తేడా కనపడదు. జీ3బీపీ1 అనే ప్రోటీన్‌కు మెరిసే గుర్తు తగిలించి చూస్తే, అది సైటోప్లాజం అంతా పలచగా పరుచుకుని ఉంటుంది. కాసేపటికి అక్కడక్కడ సన్నటి చుక్కలు లేస్తాయి. అరగంటకు అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతూ పెద్దవవుతుంటాయి. గంట గడిచేసరికి ఒక్కో కణంలో పదుల కొద్దీ చుక్కలుంటాయి. వాటి సైజు మైక్రోమీటర్‌లో పదో వంతు నుంచి రెండు మైక్రోమీటర్ల దాకా ఉంటుంది. ఆర్సెనైట్‌ను కడిగేస్తే గంట, రెండు గంటల్లో చాలావరకు మాయమైపోతాయి.

వీటినే స్ట్రెస్ గ్రాన్యూల్స్ అంటారు. చుట్టూ పొర ఉండదు. లోపల ఉండేది ప్రోటీన్ తయారీ ఆగిపోయిన ఎంఆర్‌ఎన్‌ఏలు (జన్యువులోని ప్రోటీన్ రాతను మోసే నకళ్లు), వాటిని పట్టుకున్న ప్రోటీన్లు, ప్రోటీన్‌ను అల్లే యంత్రమైన రైబోజోమ్‌లో చిన్న ముక్క 40ఎస్. పెద్ద ముక్క 60ఎస్ మాత్రం దాదాపు ఉండదు. ఈ లేకపోవడమే పెద్ద ఆధారం. 60ఎస్ వచ్చి 40ఎస్‌తో జతకట్టాకే ప్రోటీన్ అల్లిక మొదలవుతుంది. అది లేదంటే, పని మొదలు కాకముందే ఆగిపోయిందని అర్థం.

ప్రమాదం వచ్చినప్పుడు కణం తన ఎంఆర్‌ఎన్‌ఏలను పెట్టెలో పెట్టి దాచుకుంటుందని చాలాచోట్ల రాస్తుంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఆ బొమ్మ మనసులో పడితే తర్వాత వచ్చే ఫలితాలేవీ అర్థం కావు. ఇక్కడ మూడు వేర్వేరు సంగతులున్నాయి. ప్రోటీన్ తయారీ ఆగడం ఒకటి. ఆగిన ఎంఆర్‌ఎన్‌ఏలు ముద్దకట్టడం రెండోది. ఆ ముద్ద వల్ల కణానికి కలిగే మేలు మూడోది. మొదటిదాని వెంట రెండోది సాధారణంగా వస్తుంది, కానీ రెండోది లేకుండానే మొదటిది జరగగలదు. మూడోదాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఈ మూడింటినీ కలిపేయకుండా చూస్తేనే చిక్కుముడి విడుతుంది.

తాళం ఎక్కడ పడుతుంది

ఎంఆర్‌ఎన్‌ఏ మీద పని మొదలవ్వాలంటే ముందుగా మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏ 40ఎస్ దగ్గరికి రావాలి. దాన్ని తెచ్చేది ఈఐఎఫ్2 అనే ప్రోటీన్. జీటీపీ అనే శక్తి అణువు చేతిలో ఉంటేనే అది మోయగలదు. ఒక విడత పని అయ్యేసరికి ఆ జీటీపీ కాస్తా జీడీపీగా మారిపోతుంది. పాతది దించి కొత్తది ఎక్కించడానికి ఈఐఎఫ్2బీ అనే మరో ప్రోటీన్ సాయం కావాలి.

ఒత్తిడి వచ్చినప్పుడు ఈఐఎఫ్2లోని ఆల్ఫా భాగంలో 51వ స్థానంలో ఉన్న సీరీన్‌కు ఒక ఫాస్ఫేట్ తగులుకుంటుంది. అలా ఫాస్ఫేట్ తగిలిన ఈఐఎఫ్2, ఈఐఎఫ్2బీని గట్టిగా పట్టుకుని దాని పని సాగనివ్వదు. కణంలో ఈఐఎఫ్2తో పోలిస్తే ఈఐఎఫ్2బీ తక్కువ. అందుకే ఈఐఎఫ్2లో కొంత భాగానికి ఫాస్ఫేట్ తగిలినా చాలు, మిగతా దానికి జీటీపీ ఎక్కించే దిక్కుండదు. కొద్దిపాటి మార్పుతో మొత్తం తయారీ కుదేలవడానికి కారణం ఈ లెక్కే.

ఈ ఫాస్ఫేట్ తగిలించే కైనేజ్‌లు మన కణాల్లో నాలుగున్నాయి. ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో (ప్రోటీన్లు మడతపడే పొరల వలలో) మడతపడని ప్రోటీన్లు పేరుకుంటే పెర్క్, జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ కనపడితే, అంటే చాలాసార్లు వైరస్ చొరబడితే, పీకేఆర్, అమైనో ఆమ్లాలు కరువైతే జీసీఎన్2 లేస్తాయి. హీమ్ (హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) తక్కువైనా, ఆర్సెనైట్ లాంటి ఆక్సీకరణ దెబ్బ తగిలినా హెచ్‌ఆర్‌ఐ లేస్తుంది. మైటోకాండ్రియాలో తేడా వస్తే ఆ కబురును డీఈఎల్‌ఈ1 అనే ప్రోటీన్ హెచ్‌ఆర్‌ఐకి చేరవేస్తుందని 2020లో తేలింది. దారులు నాలుగైనా చేరేది ఒకే సీరీన్ దగ్గరికి.

ఈ సీరీన్‌ను ముట్టుకోకుండా కూడా తాళం వేయొచ్చు. ఎంఆర్‌ఎన్‌ఏలోని మడతలు విప్పి 40ఎస్‌కు దారి చేసే ఈఐఎఫ్4ఏను పటియమైన్, హిప్పురిస్టనాల్, రోకాగ్లమైడ్ లాంటి పదార్థాలు ఆపేస్తాయి. అప్పుడూ గ్రాన్యూల్స్ కడతాయి. అంటే ఫాస్ఫేట్ ఒక దారి మాత్రమే. అసలు కావలసింది తయారీ మొదటి మెట్టు దగ్గర ఆగిపోవడం.

రైబోజోమ్‌లు దిగిపోయాక

మొదటి మెట్టు మూసుకుపోయినా, అప్పటికే ఎంఆర్‌ఎన్‌ఏ మీద నడుస్తున్న రైబోజోమ్‌లు తమ పని పూర్తిచేసుకుని చివర దిగిపోతాయి. మన కణాల్లో రైబోజోమ్ సెకనుకు సుమారు 5 అమైనో ఆమ్లాలు చేరుస్తుంది. 400 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌కు 80 సెకన్లు పడుతుందన్న మాట. కొత్తవి ఎక్కడం లేదు, పాతవి దిగిపోతున్నాయి. నిమిషాల వ్యవధిలోనే లక్షల కొద్దీ ఎంఆర్‌ఎన్‌ఏలు దాదాపు ఒకేసారి రైబోజోమ్‌లు లేకుండా బయటపడతాయి.

గ్రాన్యూల్ పుట్టుకకు మూలం ఇక్కడే ఉంది. దీన్ని నిరూపించిన ప్రయోగం ఎంత సులువైనదో అంత గట్టిది. సైక్లోహెక్సిమైడ్, ప్యూరోమైసిన్ రెండూ ప్రోటీన్ తయారీని ఆపే మందులే. సైక్లోహెక్సిమైడ్ రైబోజోమ్‌ను ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఉన్నచోటే బిగించేస్తుంది. ప్యూరోమైసిన్ సగం అల్లిన ప్రోటీన్‌ను తెంపి, రైబోజోమ్‌ను దింపేస్తుంది. ఆర్సెనైట్ ఇచ్చిన కణాలకు సైక్లోహెక్సిమైడ్ ఇస్తే గ్రాన్యూల్స్ కరిగిపోతాయి. ప్యూరోమైసిన్ ఇస్తే ఇంకా సులువుగా కడతాయి. రెండు సందర్భాల్లోనూ తయారీ ఆగే ఉంది. తేడా అల్లా ఎంఆర్‌ఎన్‌ఏ మీద రైబోజోమ్ ఉందా లేదా అన్నదే. కాబట్టి గ్రాన్యూల్‌ను పుట్టించేది తయారీ ఆగడం కాదు, ఎంఆర్‌ఎన్‌ఏ ఖాళీ కావడం.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. గ్రాన్యూల్‌లోని ఎంఆర్‌ఎన్‌ఏలు బయటికీ లోపలికీ తిరుగుతూనే ఉంటాయి. లేకపోతే బయట ఉన్నవాటిని సైక్లోహెక్సిమైడ్ బిగించినంత మాత్రాన లోపలి ముద్ద ఎందుకు కరుగుతుంది? బయటికొచ్చినవి మళ్లీ లోపలికి పోలేక, ముద్ద కొద్దికొద్దిగా తరిగిపోతుంది.

జీ3బీపీ1 మడత విప్పుకునే తీరు

ఖాళీ అయిన ఎంఆర్‌ఎన్‌ఏలు వాటంతటవే అంటుకుంటాయా? చాలావరకు అవుననే చెప్పాలి. ఈస్ట్ నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏను ప్రోటీన్లేవీ లేకుండా పరీక్షనాళికలో తగిన లవణాలతో ఉంచితే అది ముద్దకడుతుంది. ఏ ఆర్‌ఎన్‌ఏలు ఎక్కువగా చేరతాయన్నది కూడా కణంలోని గ్రాన్యూల్స్‌తో చాలావరకు సరిపోతుంది. పొడవైన ఆర్‌ఎన్‌ఏకు ఇంకో ఆర్‌ఎన్‌ఏతో జతకట్టే చోట్లు ఎక్కువ. మామూలు రోజుల్లో రైబోజోమ్‌లు ఆ చోట్లను కప్పి ఉంచుతాయి. వాటికి తోడు ఈఐఎఫ్4ఏ ఆర్‌ఎన్‌ఏల చిక్కులను ఏటీపీ ఖర్చుపెట్టి విప్పుతూ ఉంటుంది.

కానీ కణంలో ఇది ఎప్పుడు, ఎంత మోతాదులో జరగాలో తేల్చేది ప్రధానంగా జీ3బీపీ1, దాని తోబుట్టువు జీ3బీపీ2. జీ3బీపీ1లో 466 అమైనో ఆమ్లాలుంటాయి. దాని కట్టుబడి తెలిస్తే సగం విషయం అర్థమైనట్టే. ముందు భాగంలో ఎన్‌టీఎఫ్2 తరహా ముక్క ఉంటుంది. దీనితో రెండు జీ3బీపీ1లు జంట కడతాయి. చివర ఆర్‌ఎన్‌ఏను పట్టే రెండు చేతులుంటాయి. ఒకటి స్థిరమైన ఆకారం ఉన్న ఆర్‌ఆర్‌ఎం, రెండోది ధనావేశం నిండిన ఆర్‌జీజీ తోక. మధ్యలో ఆకారం లేని పొడవాటి తాడు. ఆ తాడులో మొదటి భాగం రుణావేశంతో నిండి ఉంటుంది.

ఒత్తిడి లేనప్పుడు ఈ రుణావేశపు తాడు ధనావేశపు తోకను తన మీదకు లాక్కుని, ప్రోటీన్‌ను ముడుచుకుపోయేలా చేస్తుంది. ఖాళీ ఎంఆర్‌ఎన్‌ఏలు పెరిగాక పరిస్థితి తారుమారవుతుంది. ఆర్‌ఎన్‌ఏ కూడా రుణావేశమే కదా, అది పోటీకొచ్చి తోకను తనవైపు లాక్కుంటుంది. ప్రోటీన్ విచ్చుకుంటుంది. జంటగా ఉన్న జీ3బీపీ1కు ఇప్పుడు అన్ని వైపులా చేతులున్నట్టే. ఒక్కో జంట అనేక ఆర్‌ఎన్‌ఏలను, ఒక్కో ఆర్‌ఎన్‌ఏ అనేక జంటలను పట్టుకుంటాయి. గాలిలో తేమ ఒక హద్దు దాటగానే బిందువులుగా పేరుకున్నట్టు, ఈ పట్లు ఒక మోతాదు దాటగానే ద్రవం రెండుగా విడిపోతుంది. పలచటి సైటోప్లాజం ఒకవైపు, చిక్కటి ముద్ద ఇంకోవైపు. 2020లో మూడు బృందాలు విడివిడిగా పనిచేసి, ఒకే పత్రిక సంచికలో ఈ విషయాన్ని బయటపెట్టాయి.

ఆ హద్దును అటూ ఇటూ జరిపేవి మరో రెండు ప్రోటీన్లు. కాప్రిన్1, యూఎస్‌పీ10 రెండూ జీ3బీపీ1లోని ఎన్‌టీఎఫ్2 ముక్క మీద ఒకే చోటు కోసం పోటీపడతాయి. కాప్రిన్1 అంటుకుంటే దాని వెంట మరిన్ని ఆర్‌ఎన్‌ఏ పట్లు వచ్చి చేరతాయి, ముద్దకట్టడం సులువవుతుంది. యూఎస్‌పీ10 అంటుకుంటే గొలుసు అక్కడితో తెగిపోతుంది. కణంలో జీ3బీపీ1 మోతాదు ఎంతో, ఈ రెండింటి పాళ్లెంతో, ఖాళీ ఆర్‌ఎన్‌ఏ ఎంతో, వీటన్నిటి లెక్క కలిసి గ్రాన్యూల్ కట్టేదీ లేనిదీ నిర్ణయిస్తాయి.

చుక్కలు పుట్టాక పెద్దవి కావడానికి కణంలో పట్టాల్లా పరుచుకున్న మైక్రోట్యూబ్యూల్స్ తోడ్పడతాయి. నోకోడజోల్‌తో వాటిని విరగ్గొడితే గ్రాన్యూల్స్ పుడతాయి కానీ చిన్నచిన్నవిగా, ఎక్కువ సంఖ్యలో, చెల్లాచెదురుగా మిగిలిపోతాయి.

లోపల ఏముంది, ఏం లేదు

అందరినీ ఆశ్చర్యపరిచిన కొలత 2017లో వచ్చింది. యూ2ఓఎస్ అనే మనిషి ఎముక కణితి కణాల నుంచి గ్రాన్యూల్స్‌ను వేరుచేసి లోపలి ఆర్‌ఎన్‌ఏను చదివితే, కణంలోని మొత్తం ఎంఆర్‌ఎన్‌ఏ అణువుల్లో సుమారు 10 శాతం మాత్రమే వాటిలో ఉన్నాయి. ప్రోటీన్ తయారీ దాదాపు పూర్తిగా ఆగిపోయిన సమయంలో కూడా మిగతా 90 శాతం బయటే ఉన్నాయి. ఏ ఒక్క జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏ కూడా గ్రాన్యూల్‌లోని మొత్తంలో 1 శాతాన్ని మించలేదు. దాదాపు ప్రతి జన్యువుదీ ఎంతోకొంత లోపల ఉంది, కానీ పాళ్లలో తేడా విపరీతం. కొన్నింటిలో 1 శాతం కూడా చేరదు, కొన్నింటిలో 95 శాతానికి పైగా చేరుతుంది.

ఆ తేడాకు ప్రధాన కారణం పొడవు. ఏహెచ్‌ఎన్‌ఏకే అనే ఎంఆర్‌ఎన్‌ఏలో ప్రోటీన్ రాత ఉన్న భాగమే 17 వేల అక్షరాలు దాటుతుంది. అది గ్రాన్యూల్స్‌లో గట్టిగా చేరుతుంది. పొట్టిదైన జీఏపీడీహెచ్ చాలావరకు బయటే ఉంటుంది. మామూలుగా కూడా రైబోజోమ్‌లు తక్కువగా ఎక్కే ఎంఆర్‌ఎన్‌ఏలు లోపల ఎక్కువ. దాచిపెట్టే పెట్టె బొమ్మ ఇక్కడే దెబ్బతింటుంది. కణం కీలకమైనవి ఏరి లోపల పెడుతున్నట్టు కనపడదు. ఎక్కువ చేతులున్నది ఎక్కువ అంటుకుంటోంది. ఒత్తిడిలో తప్పనిసరిగా కావలసిన, మడత చెడిన ప్రోటీన్లను సరిదిద్దే హెచ్‌ఎస్‌పీ70 ఎంఆర్‌ఎన్‌ఏ బయట ఉండిపోవడం కూడా ఈ లెక్కకు సరిపోతుంది. దాని మీద రైబోజోమ్‌లు ఎక్కుతూనే ఉంటాయి కాబట్టి అది ఖాళీ కాదు.

లోపలి నిర్మాణం అంతటా ఒకేలా ఉండదు. మధ్యలో సుమారు 200 నానోమీటర్ల గట్టి గింజలు, వాటి చుట్టూ పలచటి, చురుగ్గా కదిలే భాగం. గ్రాన్యూల్‌లో ఒక మూల మెరుపును లేజర్‌తో ఆర్పేసి చూస్తే, జీ3బీపీ1, టీఐఏ1 లాంటి ప్రోటీన్లు కొన్ని సెకన్లలోనే బయట నుంచి వచ్చి ఆ మూలను మళ్లీ వెలిగిస్తాయి. ఎంఆర్‌ఎన్‌ఏల తోకను పట్టుకునే పీఏబీపీ మాత్రం నెమ్మదిగా, సగం సగమే తిరిగొస్తుంది.

గ్రాన్యూల్ లోపల ప్రోటీన్ తయారీ అసలే జరగదని చాలాకాలం అనుకున్నారు. 2020లో బాసెల్‌లోని ఒక బృందం ఒక్కో ఎంఆర్‌ఎన్‌ఏ అణువునూ, దాని మీద అల్లుకుంటున్న ప్రోటీన్‌నూ జీవించి ఉన్న కణంలో విడివిడిగా వెంబడించి చూసింది. కొన్ని ఎంఆర్‌ఎన్‌ఏలు గ్రాన్యూల్‌లో ఉంటూనే పూర్తి ప్రోటీన్‌ను అల్లుతున్నాయి. లోపలికి పోవడమంటే నోరు మూతపడటమే అన్న నియమం ఇక నిలవదు.

సైటోప్లాజంలో వీటికి పొరుగున పీ-బాడీలు ఉంటాయి. వాటిని వీటితో కలిపేయకూడదు. పీ-బాడీల్లో ఎంఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉండే రక్షణ టోపీని తీసేసే డీసీపీ2, తర్వాత దాన్ని నమిలే ఎక్స్‌ఆర్‌ఎన్1 ఉంటాయి. అవి ఒత్తిడి లేనప్పుడూ కనపడతాయి. ఒత్తిడి సమయంలో రెండూ పక్కపక్కన ఆనుకుని ఉండొచ్చు కానీ, లోపలి సామగ్రి వేరు.

రక్షణ అంటే ఏ రక్షణ

జీ3బీపీ1, జీ3బీపీ2 రెండూ తొలగించిన కణాలకు ఆర్సెనైట్ ఇస్తే గ్రాన్యూల్స్ కట్టవు. అయినా ప్రోటీన్ తయారీ మామూలు కణాల్లో లాగే ఆగిపోతుంది. గ్రాన్యూల్స్ లేనంత మాత్రాన ఒత్తిడి సమయంలో ఎంఆర్‌ఎన్‌ఏలు మూకుమ్మడిగా ముక్కలైపోవడం కూడా లేదని ఇంకో ప్రయోగంలో తేలింది. అంటే తయారీని ఆపేది, ఎంఆర్‌ఎన్‌ఏలను కాపాడేది గ్రాన్యూలే అన్న మాటకు ఆధారం బలంగా లేదు.

మరైతే మేలు ఎక్కడ? గట్టిగా చెప్పుకోదగ్గవి రెండున్నాయి. ఒకటి, చావు సంకేతాన్ని అడ్డుకోవడం. రాక్1 అనే ప్రోటీన్ ఎంటీకే1ను మేల్కొలిపి, పీ38, జేఎన్‌కే దారుల ద్వారా కణాన్ని ఆత్మహత్య వైపు నడిపించగలదు. గ్రాన్యూల్ కట్టినప్పుడు రాక్1 అందులో ఇరుక్కుంటుంది. గొలుసులో మొదటి లింకు ఊడిపోతుంది. 2008లో వచ్చిన ఈ ఫలితం కాన్సర్ వైద్యానికీ ముఖ్యమే. కణితి మధ్యలో ఆక్సిజన్ చాలక గ్రాన్యూల్స్ కట్టిన కణాలు చికిత్సకు లొంగకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

రెండోది నాకు అన్నిటికంటే అందంగా అనిపించే ఫలితం. 2023లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ పరిశోధకులు లైసోజోమ్ (కణంలో చెత్తను జీర్ణం చేసే ఆమ్లపు సంచి) పొర చిరిగినప్పుడు ఏమవుతుందో చూశారు. చిరుగు పడిన చోటనే స్ట్రెస్ గ్రాన్యూల్స్ వెంటనే పుట్టి, కన్నానికి బిరడాలా అతుక్కున్నాయి. లోపలి ఆమ్లం బయటికి చిమ్మకుండా నిలిచి, పొరను మరమ్మతు చేసే యంత్రాంగానికి వ్యవధి దొరికింది. జీ3బీపీలు లేని మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాల్లో ఈ మరమ్మతు బలహీనపడింది. ఇక్కడ పనికొస్తున్నది లోపల ఏ ఎంఆర్‌ఎన్‌ఏ ఉందన్నది కాదు, అది జిగటగా, అతుక్కునే గుణంతో ఉండటం. మేలంతా ఆర్‌ఎన్‌ఏ దాచడంలోనే ఉందని వెతుకుతున్నంత కాలం ఇలాంటిది కంటపడదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. గ్రాన్యూల్స్ లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి జీ3బీపీలను తొలగించడం మామూలు పద్ధతి. కానీ జీ3బీపీ1కు గ్రాన్యూల్‌తో సంబంధం లేని పనులున్నాయి. టీఎస్‌సీ అనే ప్రోటీన్ సముదాయాన్ని అది లైసోజోమ్ దగ్గర కట్టిపెట్టి, కణం ఎదుగుదలను నడిపే ఎమ్‌టార్‌ను అదుపులో ఉంచుతుందని 2021లో వెల్లడైంది. కాబట్టి ఆ కణాలకు జబ్బు చేస్తే, తప్పు గ్రాన్యూల్ లేకపోవడానిదా, ఆ ఇంకో పని ఆగడానిదా అన్నది వేరుగా తేల్చాలి.

కరగడం కూడా పనే

ఒత్తిడి తీరాక జీఏడీడీ34 అనే ప్రోటీన్, పీపీ1 అనే ఎంజైమ్‌ను వెంటబెట్టుకొచ్చి సీరీన్ మీది ఫాస్ఫేట్‌ను తీసేస్తుంది. రైబోజోమ్‌లు మళ్లీ ఎక్కుతాయి, ఎంఆర్‌ఎన్‌ఏలు బయటికి లాగబడతాయి. ఇంతటితోనే చాలా గ్రాన్యూల్స్ కరిగిపోతాయి. లోపల మడత చెడిన ప్రోటీన్లు చిక్కుకుని ఉంటే మాత్రం హెచ్‌ఎస్‌పీ70 లాంటి చాపెరోన్‌లు కావాలి.

ఏ ఒత్తిడితో కట్టిందో దాన్నిబట్టి కరిగే దారీ మారుతుంది. వేడితో కట్టినవైతే జీ3బీపీ1కు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గుర్తులా తగిలి, దాన్ని వీసీపీ అనే యంత్రం పట్టుకుని లాగేస్తుంది. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం మీది ఎఫ్‌ఏఎఫ్2 ఇందుకు లంకె. ఆర్సెనైట్‌తో కట్టినవాటికి ఈ యుబిక్విటిన్ అవసరం లేదు. అక్కడ జెడ్‌ఎఫ్‌ఏఎన్‌డీ1 వేరే దారిలో వీసీపీని, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌ను తీసుకొస్తుంది. చూడటానికి చుక్కలు ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకే రకం అనుకోకూడదని చెప్పేది ఇందుకే.

కరగడం చెడితే నరాల జబ్బుల గుమ్మం దగ్గరికి వస్తాం. కండరాలను కదిలించే నరాల కణాలు చచ్చిపోయే ఏఎల్ఎస్ జబ్బు రోగుల్లో సుమారు 97 శాతం మందికి నరాల కణాల్లో టీడీపీ-43 అనే ప్రోటీన్ గడ్డలు కనపడతాయి. గ్రాన్యూల్స్‌లో చేరే ప్రోటీన్లే ఈ జబ్బుల జన్యు పట్టికలో మళ్లీ మళ్లీ వస్తాయి. ఎఫ్‌యూఎస్, హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీఏ1, టీఐఏ1, కరిగించే వైపు నుంచి వీసీపీ. అటాక్సిన్-2లో వరుసగా వచ్చే గ్లుటమైన్లు మామూలుగా 22 లేదా 23. అవి 27 నుంచి 33 దాకా పెరిగితే ఏఎల్ఎస్ ముప్పు ఎక్కువవుతుందని 2010లో తేలింది. హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీఏ1లో 262వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, ద్రవపు చుక్కలో ఉన్న ప్రోటీన్ క్రమంగా గట్టి పోగులుగా మారే వేగం పెరుగుతుంది. చిక్కటి చుక్కలో ప్రోటీన్ గాఢత బయటికంటే ఎన్నో రెట్లు, పోగులు మొలకెత్తడానికి అది అనువైన చోటు. అలాగని ప్రతి టీడీపీ-43 గడ్డా గ్రాన్యూల్‌లోనే పుట్టిందని అనేయడం తొందరపాటే. గ్రాన్యూల్‌తో సంబంధం లేకుండా అది గడ్డకట్టిన సందర్భాలూ ప్రయోగాల్లో ఉన్నాయి.

వైరస్‌ల గురి

గ్రాన్యూల్స్ కణానికి ఏదో మేలు చేస్తున్నాయనడానికి పరోక్షమైనా గట్టి సాక్ష్యం వైరస్‌ల దగ్గర దొరుకుతుంది. పోలియోవైరస్ 3సీ అనే కత్తెర ప్రోటీన్ జీ3బీపీ1ను 326వ స్థానం దగ్గర కోస్తుంది. ఆ చోటును పైన చెప్పిన కట్టుబడితో పోల్చి చూడండి. జంటకట్టే ముక్క ఒకవైపు, ఆర్‌ఎన్‌ఏను పట్టే చేతులు మరోవైపు పడతాయి. ఒక్క కోతతో వల వేయగల ప్రోటీన్ కాస్తా పనికిరాని రెండు ముక్కలవుతుంది. చికున్‌గున్యా వైరస్ కోయదు. దాని ఎన్‌ఎస్‌పీ3 ప్రోటీన్ యూఎస్‌పీ10 కూర్చునే చోటులోనే కూర్చుని జీ3బీపీని తన పనికి లాక్కుంటుంది. సార్స్-కోవ్-2లోని ఎన్ ప్రోటీన్ కూడా అదే గాడిని పట్టుకుంటుంది.

బల్ల మీద చేసి చూడాలంటే

పద్ధతి కష్టమైనది కాదు, కానీ తప్పుడు చుక్కలు చాలా సులువుగా వస్తాయి. కవర్‌స్లిప్ మీద యూ2ఓఎస్ కణాలు సుమారు 70 శాతం పరుచుకున్నాక, 37 డిగ్రీలకు వేడిచేసిన ద్రవంలో ఆర్సెనైట్ కలిపి 30 నుంచి 60 నిమిషాలు ఉంచాలి. చల్లటి ద్రవం పోయకూడదు. చలి దెబ్బ కూడా గ్రాన్యూల్స్‌ను పుట్టించగలదు, అప్పుడు ఒత్తిడి ఇవ్వని కణాల్లోనూ చుక్కలొచ్చి కూర్చుంటాయి. ఆర్సెనైట్ ద్రావణం నిల్వలో మెల్లగా ఆక్సీకరణ చెంది ఆర్సెనేట్ అవుతుంది. నెలల తరబడి పాతబడిన సీసాతో చేసి గ్రాన్యూల్స్ రాలేదని తేల్చేయకూడదు. ఇది విషం, కాన్సర్ కారకం కూడా. చేతులకు గ్లవ్స్ ఉండాలి, కడిగిన నీళ్లు సింకులో పోయకుండా విడిగా సేకరించాలి.

తర్వాత 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో 10 నుంచి 15 నిమిషాలు కణాలను బిగించి, మైనస్ 20 డిగ్రీల మిథనాల్‌తో పొరకు రంధ్రాలు చేసి, యాంటీబాడీలు వేయాలి. జీ3బీపీ1 ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. దానితోపాటు ఈఐఎఫ్3బీ లేదా టీఐఏ1, వీలైతే ఎంఆర్‌ఎన్‌ఏ తోకకు అంటుకునే ఓలిగో-డీటీ గుర్తు కూడా అదే చుక్కలో వెలగాలి. ఆర్‌ఎన్‌ఏ లేని జీ3బీపీ1 చుక్క స్ట్రెస్ గ్రాన్యూల్ కాదు. జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ ఇచ్చిన కణాల్లో ఈ తేడా మరీ ముఖ్యం. అక్కడ ఆర్‌ఎన్‌ఏజ్ ఎల్ అనే ఎంజైమ్ ఎంఆర్‌ఎన్‌ఏలను ముక్కలు చేసేస్తుంది, జీ3బీపీ1 ఉన్న చిన్న చుక్కలు అయినా పుడతాయి, అవి వేరే జాతి.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకొకటుంది. మెరిసే గుర్తు తగిలించిన జీ3బీపీ1ను ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ వలయంతో ఎక్కువ మోతాదులో కణంలోకి పంపడం. హద్దును నిర్ణయించేవాటిలో దాని గాఢత ఒకటి కదా, ఎక్కువైతే ఒత్తిడి లేకుండానే గ్రాన్యూల్స్ కడతాయి. పైగా బయటి డీఎన్‌ఏను పంపే ప్రక్రియే పీకేఆర్‌ను లేపగలదు. కణంలోని సొంత జన్యువు మీదే గుర్తు తగిలిస్తే ఈ బాధ ఉండదు.

చివరి పరీక్ష మందులతో. ఆర్సెనైట్ ఉండగానే సైక్లోహెక్సిమైడ్‌ను మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల చొప్పున అరగంట ఇస్తే నిజమైన గ్రాన్యూల్స్ తగ్గిపోవాలి, మడత చెడిన ప్రోటీన్ గడ్డలు తగ్గవు. ఐఎస్‌ఆర్‌ఐబీ అనే చిన్న అణువు ఈఐఎఫ్2బీని బలపరిచి, ఫాస్ఫేట్ దారిలో వచ్చిన గ్రాన్యూల్స్‌ను ఆపుతుంది. ఈఐఎఫ్4ఏను ఆపడం వల్ల వచ్చినవాటి మీద పనిచేయదు. 1,6-హెక్సేన్‌డయాల్‌తో చుక్క కరిగితే ద్రవమని, కరగకపోతే గట్టిదని తేల్చే అలవాటు మాత్రం మానుకోవడం మంచిది. అది కణానికే విషం, దాని దెబ్బకే కొత్త చుక్కలు పుట్టొచ్చు. జీ3బీపీలు రెండూ లేని కణాలను పోలికకు పెట్టుకునేటప్పుడు ఏ ఒత్తిడి ఇస్తున్నారో చూసుకోవాలి. ఆర్సెనైట్‌కు వాటిలో గ్రాన్యూల్స్ రావు. 0.4 మోలార్ సార్బిటాల్‌తో కణంలోని నీరు లాగేసినా, తీవ్రమైన వేడి ఇచ్చినా మాత్రం వాటిలోనూ వస్తాయి. కాబట్టి సార్బిటాల్ ప్రయోగంలో ఆ కణాలను గ్రాన్యూల్స్ లేని కణాలుగా లెక్కేయడానికి వీల్లేదు.